మామగారి ఫోన్లో నా ప్రార్థన

కుదిరిన పెళ్ళిని సొంత గొంతుతో చెడగొట్టుకోబోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి, నేనే. ఈ ఘనకార్యానికి నాకెవరూ సాయం చేయలేదు. అంతా నా స్వయంకృషి.

రెండువేల ఎనిమిది ప్రాంతం. తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. రేపల్లెలో సంబంధం కుదిరింది. అమ్మాయి పేరు సునీత. వాళ్ళ నాన్నగారు దానియేలు మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు, చర్చిలో సంఘ పెద్ద. మంచి మనిషి. ఒక్కటే ఇబ్బంది, ప్రార్థన మొదలుపెడితే ఆపడం ఆయన చేతుల్లో ఉండదు. పెళ్ళిచూపుల రోజు భోజనానికి ముందు ఆయన కళ్ళు మూసుకున్నప్పుడు కోడికూర పొగలు కక్కుతోంది. ఆమేన్ అనేసరికి దాని మీద కొవ్వు పేరుకుంది.

తెనాలి తిరిగి రాగానే ఈ సంగతి రఫీకి చెప్పాను. వాడు నా చిన్ననాటి స్నేహితుడు, మార్కెట్లో టైలరింగు షాపు వాడిది.

"ఎట్టా చేశాడో ఒక్కసారి చేసి చూపించరా," అన్నాడు.

"ఊరికే కాదు, నా ఫోన్లో రికార్డు చెయ్యి. ఇంత కళ గాల్లో కలిసిపోకూడదు," అన్నాను. చూశారా, ఎంత ముందుచూపో!

గొంతు సవరించుకుని, మాస్టారిలాగే ముక్కుతో రాగం తీశాను. "ప్రేమగల పరలోకపు తండ్రీ, మీకు స్తోత్రములు. ఈ అన్నమును దీవించుము. అన్నము ఉడికించిన గ్యాసు బండను దీవించుము. ఆ బండను మోసుకొచ్చిన సోదరుని, అతని సైకిలును, సైకిలు టైర్లలోని గాలిని దీవించుము తండ్రీ..." ఇలా గాలి దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి చెరుకుపల్లి వరి చేల మీదుగా తిరిగొచ్చి ఆమేన్ అన్నాను. వెంటనే రఫీ పగలబడి నవ్వుతూ, "ఒరేయ్ కిరణూ, మీ రేపల్లె మామ ఇట్టా అయితే అన్నం ఎప్పుడు తింటాడ్రా!" అన్నాడు. అదీ రికార్డయింది.

ఎవరి కంటా పడకూడదని దానికి 'ప్రార్థన' అని పేరు పెట్టి దాచుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ రోజుల్లో పాటలు కావాలంటే సెల్ షాపుకి వెళ్ళి, ఫోన్లోంచి మెమరీ కార్డు పీకి ఇచ్చేవాళ్ళం. షాపాయన మనకి కావలసినవి ఎక్కించేవాడు. మన కార్డులో తన దగ్గర లేనివి ఏమైనా కనిపిస్తే తన కంప్యూటర్లోకి దించుకునేవాడు. ఈ రెండో సంగతి నాకు తెలియదు. ఇంటి తాళంచెవి తమ్ముడికి ఇవ్వడానికే వెనకాడే మనిషిని, కార్డు మాత్రం షాపాయన చేతిలో పెట్టి టీ తాగడానికి వెళ్ళిపోయాను.

కొన్నాళ్ళకి మాస్టారు ప్రధానానికి, అదే నిశ్చితార్థానికి, బట్టలు కొనడానికి తెనాలి వచ్చారు. చేతిలో కొత్త ఫోను.

"బాబూ, దీంట్లో దేవుడి పాటలు వస్తాయంట గదా?"

"మనకి తెలిసిన షాపుందండీ మామయ్యగారూ, రండి," అని చెయ్యి పట్టుకుని మరీ తీసుకెళ్ళాను.

"క్రైస్తవ పాటలన్నీ వేయండి. ఒక్కటి కూడా వదలొద్దు," అని షాపాయనకి గట్టిగా చెప్పాను.

"ఈమధ్య ప్రార్థన కూడా ఒకటొచ్చిందండి. బాపట్ల వాళ్ళు కూడా వేయించుకెళ్ళారు."

"దానిదేముందండీ, అదీ వేసేయండి!"

అది ఎవరి ప్రార్థనో అడగాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. ఉంటే కదండీ పుట్టడానికి.

ప్రధానానికి ముందు ఆదివారం రేపల్లెలో భోజనానికి పిలిచారు. బంధువులంతా కూర్చున్నారు, సునీత వడ్డిస్తోంది. మాస్టారు ఫోను బల్ల మధ్యలో పెట్టి, "అల్లుడుగారు వేయించిన పాటలు," అని గర్వంగా నొక్కారు. ఒక పాట అయింది. ఇంకో పాట అయింది. ఆ తర్వాత, "ప్రేమగల పరలోకపు తండ్రీ..."

నా గొంతే!

ప్రార్థన వినపడగానే ఆ ఇంట్లో ఏం చేస్తారు? అందరూ చటుక్కున తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. గ్యాసు బండ దీవెన పొందింది. సైకిలు దీవెన పొందింది. ఇక ఆమేన్, దాని వెనకే రఫీ నవ్వు, నా పేరు, రేపల్లె మామ! ఆపుదామంటే ఫోను మాస్టారి మోచేతి దగ్గరుంది. ప్రార్థన మధ్యలో లేచి ఆయన మీద నుంచి చెయ్యి చాపితే ఆ పెళ్ళి అక్కడితో సరి. ఆ క్షణంలో నేను లోపల చేసుకున్న ప్రార్థన ఉందే, నా జన్మలో అంత నిజాయితీగా ఎప్పుడూ చేయలేదు.

టైర్లలో గాలి అయిపోయింది. చెరుకుపల్లి చేలూ దాటాయి. "ఆమేన్," అంది ఫోను. "ఆమేన్," అన్నారంతా. ఆ సందులో గాజుల చెయ్యి ఒకటి వచ్చి టక్కున ఫోను ఆపేసింది. సునీత!

మాస్టారు కళ్ళు తెరిచారు.

"ఎవరోగానీ పద్ధతైన దైవసేవకుడు. గొంతుకి కాస్త జలుబు చేసినట్టుంది గానీ..." అని ఆగి, నిట్టూర్చారు. "మరీ తొందరగా ముగించేశాడు బాబూ."

ఆ లోటు తీర్చడానికి ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. కూర సంగతి చెప్పక్కర్లేదు.

భోజనాలయ్యాక చేతులు కడిగే చోట సునీతని ఆపాను. "సరిగ్గా అక్కడే ఆపాలని నీకెలా తెలిసింది?"

"నాన్న ఫోను తెచ్చిన రోజే అంతా విన్నానండి."

"మరి అప్పుడే తీసేయొచ్చుగా!"

"తీసేస్తే ఇందాకటి మీ మొహం నేనెట్టా చూసేదాన్నండి?"

"ఇప్పుడైనా తీసెయ్యవా, నీకు పుణ్యం ఉంటుంది."

"నాన్న ఫోన్లోంచి తీసేస్తాలెండి. నా ఫోన్లోకి ఎక్కించుకున్నది మాత్రం ఉండనీయండి. పెళ్ళయ్యాక నా వంటకి వంకలు పెట్టినప్పుడు వినిపిద్దాం మామా అల్లుళ్ళిద్దరికీ."

అందుకే ఉప్పు తక్కువైన పప్పు సాక్షిగా, మాడిన వేపుడు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా మెమరీ కార్డు ఇకమీదట ఏ షాపు గడపా తొక్కదు. ఇంకొకరి గొంతు నా నోట పలకదు. మా ఇంట్లో వంట మాత్రం ఎప్పటికీ అద్భుతం.