డబ్బా మీద రెండు గీతలు

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మేముండే క్వార్టర్ల వరుసలో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు దగ్గుతూనే ఉండేవారు. అందుకే మా బాపు దగ్గును మేమెవరమూ మొదట్లో పట్టించుకోలేదు. ఆయన భూగర్భ గనిలో బొగ్గు తీసే పని చేసేవాడు. ఒక చలికాలం వచ్చేసరికి పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. అన్నం తింటూ మాతో మాట్లాడటం కూడా మానేశాడు. అమ్మ దవాఖానకు పొమ్మని బతిమాలితే, "దుమ్ము పడ్డది, అదే పోతది" అనేవాడు. జబ్బు బయటపడితే డ్యూటీ పోతుందని ఆయన భయం.

పక్కింటి అక్క అప్పుడు నర్సు చదువు చదువుతోంది. సెలవులకు వచ్చి, రెండిళ్లకూ ఉన్న ఒకే గోడ అవతల నుంచి బాపు ఆయాసం విన్నది. చెబితే వినడని ఆయనతో దవాఖాన మాట ఎత్తలేదు. ఆదివారం పొద్దున లోపలి నీళ్లు కనబడే పెద్ద ప్లాస్టిక్ డబ్బా, ఒక రబ్బరు గొట్టం పట్టుకుని మా వాకిట్లోకి వచ్చి, నన్ను ఆటకు పిలిచింది.

డబ్బాను నీళ్లతో నింపి, నీళ్లున్న గంగాళంలో బోర్లించింది. గొట్టం ఒక కొసను డబ్బా మూతి కిందికి పెట్టి, రెండో కొస నా చేతికిచ్చింది. నిండుగా ఊపిరి పీల్చి, ఇక లేదనేదాకా ఊదాలి. నేను ఊదుతుంటే గాలి బుడగలుగా పైకెక్కి, డబ్బాలో నీళ్లు కిందికి దిగాయి. నీళ్లు ఆగిన చోట అక్క తన గోళ్లరంగుతో గీత గీసింది. గీస్తూ ఊపిరి సంగతి చెప్పింది. ఊపిరితిత్తులు తమంతట తాము గాలిని లాగలేవట. వాటి కిందున్న కండరం దిగి, పక్కటెముకలు విచ్చుకుంటే, లోపల చోటు పెరిగి గాలి వస్తుందట.

గడపలో కూర్చుని నవ్వుతూ చూస్తున్న బాపును, "కాకా, నువ్వు గూడ ఊదరాదు" అని పిలిచింది. ఆయన సరదాగా వచ్చి ఊదాడు. నీళ్లు కాస్త దిగి ఆగిపోయాయి. మళ్లీ నింపి ఊదించింది. రెండోసారీ అంతే. అక్కడ అక్క ఇంకో గీత గీసింది. ఆయన గీత నా గీత దాకా కూడా రాలేదు.

నవ్వు పోయింది. బాపు దమ్ము తీసుకుంటూ చాలాసేపు ఆ గీతలనే చూశాడు. "ఉన్నదంత ఊదిన బిడ్డా. లోపట ఇంకేం లేదు."

"గట్లనకు కాకా," అన్నది అక్క మెల్లగా. "ఎవ్వలు ఎంత ఊదినా కొంత గాలి లోపట్నే ఉంటది. అది ఈ డబ్బాకు దొరకది. ఇది ఉత్త ఇంటి కొలత. దవాఖానల సరిగ్గ కొలిసే మిషినున్నది. ఒక్కసారి పోయిరా."

బాపు నా తల మీద చెయ్యి వేశాడు. "నా బిడ్డకు మంచి దమ్మున్నది" అన్నాడు. తన గీత చూసి బెంగపడాల్సిన మనిషి, నా గీత చూసి సంతోషపడ్డాడు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని దవాఖానకు బయలుదేరాడు. బజారు దాటాక కరెంటు స్తంభం పట్టుకుని, ఆయాసపడుతూ నిలబడిపోయాడు. "ఆగు బిడ్డా, నాకు దమ్మొస్తున్నది. నడవస్తలేదు" అన్నాడు. తనవల్ల కావట్లేదన్న మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి. నా భుజం ఆసరా ఇచ్చి నెమ్మదిగా నడిపించాను.

పరీక్షలయ్యాక బాపును గనిలోకి దిగనక్కర్లేని, నేల మీది పనికి మార్చారు. ఆయన భయపడ్డట్టు కొలువు పోలేదు. పాడైన ఊపిరితిత్తులు మాత్రం బాగుపడలేదు. మందులతోనే ఇంకొన్నేళ్లు మా మధ్య ఉన్నాడు, నా పెళ్లి చూశాడు.

ఇప్పుడు నాకూ వయసు మీద పడింది. మొన్న మోకాళ్లు పట్టేసి మంచం దిగలేకపోయాను. కాసేపు నా అంతట నేనే లేవాలని తంటాలు పడ్డాను. తర్వాత కోడలిని పిలిచి, "జర పట్టుకో బిడ్డా, లేవస్తలేదు" అన్నాను. ఆ మాట అంటుంటే నా గొంతు నాకే బాపు గొంతులా వినిపించింది.