అక్క చెప్పిన నూట ఇరవై

పోయిన మంగళవారం పొద్దున హిందూపురంలో ఫ్యాక్టరీ బస్సు ఎక్కబోతుంటే అక్క నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "చెప్పక్కా" అన్నాను. అవతల మగగొంతు.

"ఫోన్లో ఎనిమిది అని రాసుండాది. నువ్వేనామ్మా?"

అక్క భర్త. పెనుకొండలో ఇంటి ముందు కొళాయికి బిందె పెట్టి, నిండేలోపే అక్కడే కూలబడిపోయిందట. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం పోయిందన్నారట. "గుండె అంటాండారమ్మా. ఆమెకేం గుండెజబ్బు?" అని నన్నే అడిగాడు. ముందురోజు సాయంత్రమే అక్క నాతో అరగంట మాట్లాడింది. ఆదివారం తన బడి పిల్లల్ని బెంగళూరు తీసుకుపోయి పడవలు చూపిద్దామంది. ఇడ్లీలు నన్ను తెమ్మంది, చట్నీ తాను తెస్తానంది. నలభై రెండేళ్ళ మనిషి. బస్సు వెళ్ళిపోయింది. ఫోన్ పెట్టేసిన తర్వాత కూడా నేను దాన్ని చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాను.

అక్క నాకు బంధువు కాదు. మా కాక్స్. ఈ మాట వినని వాళ్ళ కోసం చెప్తాను. పందెపు పడవలో ఎనిమిది మంది తెడ్లు వేస్తారు. పడవ పోయే దిక్కుకు వాళ్ళ వీపులుంటాయి కాబట్టి ముందేముందో వాళ్ళకు కనపడదు. పడవ చివర వాళ్ళకు ఎదురుగా కూర్చుని, చుక్కాని పట్టుకుని, దారి చూసి చెప్పే తొమ్మిదో మనిషే కాక్స్. నాది ఎనిమిదో సీటు, సరిగ్గా అక్క ఎదుట. నాలుగేళ్ళు నేను చూసింది నీళ్ళను కాదు, అక్క మొహాన్ని.

ఇద్దరం పుట్టింది నీళ్ళు లేని చోటే. మాది చిలమత్తూరు దగ్గర పల్లె. వేరుశనగ చేలు, గొర్రెలు. అక్కది ధర్మవరం, మగ్గాల ఇల్లు. బెంగళూరు కాలేజీలో నా పొడుగు చూసి కోచ్ నా చేతికి తెడ్డిచ్చాడు. అదే కాలేజీలో ఉన్న అక్క అయిదడుగులు కూడా లేదు. "గొంతుందా?" అని ఆయన అడిగితే, "ఇంట్లో నాలుగు మగ్గాలు ఆడతాంటే మా నాయనను అన్నానికి పిలిచేది నేనే సార్" అన్నదట.

గొంతయితే ఉంది. కానీ మొదటి ఏడాది అక్కకు దాన్ని వాడుకోవడం తెలియలేదు. ఊరికే అరిచేది. "లాగండి, లాగండి" తప్ప ఇంకో మాట ఉండేది కాదు. ఒక పందెంలో రెండో స్థానంలో పోతున్నాం. ఊపిరి అందడం లేదు. "ఇంక ఇరవై! ఇరవై తెడ్లు వేస్తే అయిపోయె!" అని అరిచింది. ఉన్నదంతా ఆ ఇరవైలో పెట్టేశాం. ఇరవై అయ్యాయి. పందెం అవలేదు. "ఇంకో ఇరవై" అంది. ఇంకో ఇరవైకి మాలో ఏమీ మిగల్లేదు. రెండు పడవలు మమ్మల్ని దాటిపోయాయి.

ఒడ్డుకు రాగానే నేను అక్క మీద విరుచుకుపడ్డాను. "నీ మాట ఇంక నమ్మను పో. నువ్వు చెప్పేదంతా అబద్ధమే" అన్నాను.

మర్నాడు పొద్దున, పడవ నీళ్ళలోకి దించకముందు, అందర్నీ కూర్చోబెట్టింది. సాకులు చెప్తుందనుకున్నాను.

"నిన్న నేను అబద్ధం చెప్పినా. ఇంకా చానా ఉండాదంటే మీరు ఆగిపోతారేమోనని భయపడినా. నా భయానికి మిమ్మల్ని మోసం చేసినా. ఇంక నేను ఎన్నంటే అన్నే. తక్కువుండాదని చెప్పను, ఎక్కువుండాదని దాచను" అంది.

అంతటితో వదల్లేదు. ఒక్కొక్కరి పక్కన కూర్చుని, "పడవలో నేనేం చెప్తే నీకు బలమొస్తాది? ఏం చెప్తే పోతాది?" అని అడిగింది. మూడో నంబరు అమ్మాయి, "నా పేరు పిలవద్దక్కా, పిలిస్తే నేనేదో తప్పు చేసినాననిపిస్తాది" అంది. అయిదో ఆమె పేరు పిలిచి చెప్పమంది. నేను కోపం పోక, "నువ్వు కాసేపు నోరు మూసుకుంటే నాకు బలమొస్తాది" అన్నాను. అక్క నవ్వలేదు. తర్వాత ప్రతి పందెంలోనూ నడిమధ్యన పది తెడ్ల పాటు ఏమీ మాట్లాడకుండా ఉండేది. ఆ పదీ నా కోసమని నాకు తెలుసు.

ఆ రోజు నుంచి ఆమె మాటే మారిపోయింది. "లాగండి, లాగండి" అని అరిచేది పోయి, "తెడ్డు ఇంకొంచెం ముందే ముంచు" అనేది. ఎవరన్నా అడిగితే ఒకటే చెప్పేది: "యాడుండామో చెప్పల్ల, ఏం చేయల్లో చెప్పల్ల. తక్కింది నోట్లోనే పెట్టుకోవల్ల."

మరుసటి ఏడాది పందేల కోసం వేరే రాష్ట్రం పోయాం. అక్కడొక పెద్ద జలాశయం. మధ్యాహ్నం సాధన చేస్తుండగా ఉన్నట్టుండి గాలి లేచింది. పందెపు పడవ అంచు నీటికి జానెడు ఎత్తు కూడా ఉండదు. అలలు లోపలికొచ్చేశాయి. పాదాలు మునిగాయి, పిక్కలు మునిగాయి. అక్క మాట అందరికీ వినిపించే మైకులోకి నీళ్ళు పోయి అది ఆగిపోయింది. నా వెనక ఎవరో ఏడవడం మొదలుపెట్టారు.

అక్క గొంతు పెంచలేదు. ముందుకు వంగి నాతో చెప్పింది. "నేను చెప్పేది వెనక్కి చెప్పు. పడవ మునగదు. ఎవురూ దిగొద్దండి. ముందుండే ఇద్దరూ తెడ్లాపి, సీసాలతో నీళ్ళు తోడండి. తక్కిన ఆరుమంది లాగండి. ఒడ్డు నూట ఇరవై తెడ్లు."

నేను విన్నది నా వెనకామెకు చెప్పాను. ఆమె తన వెనకామెకు. మాట పడవ ముందు కొసదాకా పోయింది. నూట ఇరవై. ఏడుపు ఆగింది. ఆ అంకెను ఎవరూ అనుమానించలేదు. నేను అసలే అనుమానించలేదు. అక్క పదేసి చొప్పున తగ్గిస్తూ వచ్చింది. తొంభై. ఎనభై. ఒకసారి మాత్రం, "గాలి ఎనక్కి తోస్తాండాది. ఇంకో పది ఎక్కువైతాది" అని ఉన్నదున్నట్టు చెప్పింది. సరేనని ఆ పదీ వేశాం. లెక్క అయిపోయే వేళకు పడవ అడుగు బురదకు రాసుకుంది.

ఒడ్డున తుంగలో కూలబడ్డాక అక్క నీళ్ళకు వీపు తిప్పి కూర్చుంది.

"లోతు నీళ్ళంటే నాకు చచ్చేంత భయం మే" అంది.

"నీ మొహంలో ఏం కనపడలేదే అక్కా!"

"నువ్వు నా మొహమే చూస్తాంటివి కదే" అంది.

అంత దూరం మమ్మల్ని చేర్చిన మనిషి ఇంటి ముందు కొళాయి దగ్గర పడిపోవడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు.

తర్వాత అక్క పెనుకొండలో టీచరైంది. నేను హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరయ్యాను. నా లైనులో అమ్మాయిలు మాట వినడం లేదని ఒకసారి ఫోన్లో వాపోయాను. "నువ్వు అరుస్తాంటే వాళ్ళు యాడ చూస్తాంటారు?" అని అడిగింది.

"మిషన్ల తట్టు."

"మరి వాళ్ళకేం కనపడ్తాది? నీకు కనపడేది వాళ్ళకు చెప్పు."

మర్నాడు షిఫ్టు మొదట్లోనే ఎన్ని చొక్కాలు కుట్టాలో, ఎప్పటికి అవుతాయో, బస్సు ఆలస్యమైతే ఎంత ఆలస్యమవుతుందో దాచకుండా చెప్పాను. ఇప్పటికీ అట్లాగే చెప్తున్నాను.

ఆ మంగళవారమే అక్కను ధర్మవరంలోని పుట్టింటికి తెచ్చారు. పెనుకొండ మీదుగానే బస్సులో పోయాను. ఆమె బడి గేటు వేసి ఉంది. వీధి మలుపులో పడవ వాళ్ళం ఒక్కొక్కరం కలిశాం. బెంగళూరు, మడకశిర, తుమకూరు, ఎవరెక్కడుంటే అక్కడి నుంచి ఎనిమిది మందిమీ వచ్చాం. అక్కను అంత చిన్న మనిషిగా నేనెప్పుడూ చూడలేదు. అక్క అమ్మ మమ్మల్ని చూసి, "ఇంత పొడుగు పిల్లోల్లు దీని మాట వింటాంటిరా?" అని ఏడ్చింది.

మగవాళ్ళు శ్మశానానికి పోయి, స్నానాలు చేసి తిరిగొచ్చారు. వాకిలి కడిగారు. పక్క వీధిలో ఎవరిదో మగ్గం మళ్ళీ మొదలైంది. మేం అరుగు మీద వరసగా కూర్చుని ఉన్నాం. అందరి బస్సులకూ వేళయింది. ఎవరైనా ముందు లేస్తారేమోనని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఎవరం లేవకుండా, ఎనిమిది మందిమీ అట్లే కూర్చున్నాం.