రంపపు పొట్టు స్నానం

ఈమధ్యే పోయిన మా పెదనాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అక్కడ చేతుల గ్రీజు వదలడానికి సబ్బులో రంపపు పొట్టు కలిపి రుద్దుకునేవారు. రిటైరై తొమ్మిదేళ్లయినా ఆయన దానితోనే ఒళ్లంతా తోముకునేవాడు. చర్మం పగిలి నెత్తురొచ్చేది. అసలే షుగరు మనిషి. పుండు పడితే కాలు తీసేయాల్సొస్తుందని చెప్పి డాక్టరు క్రీము రాసిచ్చాడు. నేను రోజూ అదే ఊళ్లో మా పేట తాల్‌బగీచా నుంచి వెళ్లి, అది రాసుకోమని పోరేదాన్ని.

"ఏటే పిల్లా, ముప్పై ఏళ్లు గ్రీజు వదిలించినాను. మళ్లీ గ్రీజే రాయమంతావా?"

"అది క్రీము, పెదనాన్నా!"

"వాసనొక్కటే తేడా."

పుండు పడనే పడింది.

కాలు తీసేసిన మర్నాడు, ఆసుపత్రి మంచం మీంచి రెండో కాలు నా వైపు చాపాడు.

"దీనికి రాసీయే. అరవకు."

రాస్తూనే అరిచాను.