ఆయాల గదిలో చుక్క

చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకోవడానికి నేను అందరికంటే చివర లేస్తాను. వయసు వల్ల అనుకుంటారు మా సంఘంవాళ్లు. కాదు. ఆరేళ్ల కిందట ఒక శనివారం, ఆ రొట్టె అందుకునే చేత్తోనే ఒక పని చేశాను. ఇంతవరకు ఏ మనిషికీ చెప్పలేదు. దేవునికి చెప్పానా? చెప్పాననే అనుకున్నాను. తెలియక చేసిన తప్పులు క్షమించమని రోజూ అడిగాను. తెలిసి చేసినదాన్ని తెలియక చేసినవాటిలో కలిపేసి అడిగితే, అది చెప్పినట్టవుతుందా?

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

రాష్ట్రం సరిహద్దు అవతల, కొంటా వైపు ఒక చిన్న ధర్మాసుపత్రిలో స్టోరు చూసేవాణ్ణి. సంఘంలో పెద్దను. ఆసుపత్రిలో ఉదయం ప్రార్థన నడిపించేదీ నేనే. సామాను కనిపించకపోవడం మాకు రోజూ ఉండే బాధ. దొంగతనం కాదు, ఒక వార్డు యంత్రం ఇంకో వార్డుకు పోయి అక్కడే ఉండిపోయేది. దాతలెవరో దీనికి ఒక ఏర్పాటు చేయించారు. ప్రతి యంత్రానికి రూపాయంత బిళ్ల అతికించారు. గదికొక తెల్ల డబ్బా ప్లగ్గుకు గుచ్చారు. బిళ్ల పంపే సంకేతం ఏ డబ్బాకు గట్టిగా అందితే, ఆ వస్తువు ఆ గదిలో ఉన్నట్టు నా ముందున్న తెర మీద ఒక చుక్క కనిపిస్తుంది.

బిగించడానికి జగదల్‌పూర్ నుంచి వచ్చినాయన నాకు ఒకటే జాగ్రత్త చెప్పాడు. డబ్బాల చోటు మార్చొద్దు. డబ్బా ఎక్కడుందో తెరకు తెలియదు, మనం రాసి ఇచ్చిందే అది నమ్ముతుంది. నేను తలూపాను.

ఆ చుక్కలు నాకెంత నచ్చాయంటే, ఒక ఆదివారం వాటి మీదే ప్రసంగం చేశాను. గోడల వెనక ఉన్నదాన్ని ఇంత చిన్న డబ్బా పసిగట్టగలిగితే, హృదయంలో దాచుకున్నది దేవుడు చూడలేడా అన్నాను. జనం హల్లెలూయ అన్నారు. కొందరు ఏడ్చారు. నాకు చాలా గర్వంగా ఉండింది. ఆ గర్వానికి కృతజ్ఞత అని పేరు పెట్టుకున్నాను.

తర్వాత మూడు రోజుల ఉపవాస కూటాలు జరిగాయి. చివరిరోజు టీ కాచే కరెంటు డ్రమ్ము ఆయాల గదిలో పెట్టాం. అక్కడున్నది ఒకటే ప్లగ్గు. దానికున్న డబ్బా ఊడబీకాను. ఆరిపోతే తెర మీద ఎర్ర గుర్తు వచ్చి నేను జవాబు చెప్పుకోవాల్సి వస్తుందని, దాన్ని పక్కనే ఉన్న ప్రార్థన గదిలో గుచ్చాను. ప్రార్థన గదికి అప్పటిదాకా డబ్బా లేదు. కూటాలు అయిపోయాయి. డ్రమ్ము తీసేశాం. డబ్బా సంగతి మరిచిపోయాను. ఇంతవరకూ అది మరుపే. ఇక్కడితో ఆగి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆ తర్వాత వచ్చిన గురువారం డాప్లర్ కనిపించలేదు. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినిపించే యంత్రం అది, జేబులో పట్టేస్తుంది. తెర చూశాను. చుక్క ఆయాల గదిలో ఉంది. గదంతా వెతికాం. లేదు. చుక్క మాత్రం అక్కడే ఉంది. ఆ రోజు ఆ గది తాళంచెవి సారమ్మ అనే ఆయా దగ్గర ఉంది. ఆమె ఊరు ఎర్రబోరు. దోర్ల తెగ మనిషి, మా సంఘంలోనే బాప్తిస్మం తీసుకుంది. ఆమె కోడలు అప్పుడు నిండు నెలలతో ఉంది. ఇంకేం కావాలి? కోడలి కోసమే తీసిందని అందరూ అనేసుకున్నారు. తెర తప్పు చూపిస్తుందా అని మేనేజరు నన్ను అడిగాడు. "లేదు సార్, గదిలోనే ఎక్కడో దాచింది" అన్నాను. యంత్రం దొరికేదాకా పనిలోకి రావద్దని ఆమెకు చెప్పారు. తాళంచెవి నాకిచ్చి వెళ్లింది.

శనివారం మధ్యాహ్నం, మరునాటి ఆరాధనకు పాటల పుస్తకాలు తీద్దామని ప్రార్థన గదిలో అలమార తెరిచాను. పుస్తకాల వెనక డాప్లర్ ఉంది. ఉదయం ప్రార్థనకు వచ్చిన నర్సెవరో పుస్తకం అందుకుంటూ అక్కడ పెట్టి మరిచిపోయి ఉంటుంది. ఆ పుస్తకాలు దాని ముందు సర్దింది నేనే. తల తిప్పాను. గోడకు ఆయాల గది డబ్బా.

అంతా అర్థమైంది. చుక్క చూపింది ఆయాల గదిని. వస్తువు ఉన్నది నా అలమారలో.

మేనేజరు గది నాలుగు అడుగుల దూరం. వెళ్లి చెబితే సరిపోయేది. డబ్బా కదిపినందుకు చీవాట్లు పడేవి, అంతే. ఉద్యోగం పోయేది కాదు. మరి దేనికి భయపడ్డాను? ఆరేళ్లుగా ఈ ప్రశ్న వేసుకుంటున్నాను, ప్రతిసారీ ఆసుపత్రి పేరనీ, దాతల నమ్మకమనీ, సంఘం పరువనీ ఏదో ఒక మర్యాదైన జవాబు వెతుక్కుంటున్నాను. అవేవీ కావు. తెర తప్పు చూపిందని తెలిస్తే నా ప్రసంగం నవ్వులపాలవుతుంది. అదీ నా భయం. ఒక మనిషి పేరు కంటే నా మాట నాకు ఎక్కువైంది.

డబ్బాను తీసుకెళ్లి ఆయాల గదిలో పాత ప్లగ్గుకు గుచ్చాను. డాప్లర్‌ను ఉతికి మడతపెట్టిన దుప్పట్ల మధ్య పెట్టాను. తాళం వేశాను. తిరిగొచ్చి ఆదివారానికి పాటలు ఎంచుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఇంకో ఆయా దుప్పట్లు తీస్తుంటే అది దొరికింది. మొదట వెతికినప్పుడు ఆ దుప్పట్లు దులపలేదా అని ఎవరూ అడగలేదు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. తప్పు చేసినవాళ్లు ఆరాధన తర్వాత అందరి ముందు నిలబడి ఒప్పుకోవాలి. పెద్ద అడగాలి. ఆ రోజు అడగాల్సింది నేను.

"సారమ్మా, ఒప్పుకో. దేవుడు క్షమిస్తడు."

"ఏం ఒప్పుకోవాలె అన్నా?"

వెనక వరుసలోంచి ఒక ముసలామె గొంతు లేపింది. "గా చుక్క నీ గది ఇడిసి కదలకపాయె గదనే! దానికి నీ మీద ఏం పగ?"

అందరూ నవ్వారు.

"పగ మనుషులకుంటది గని డబ్బాకేముంటది పెద్దమ్మా" అంది సారమ్మ. మళ్లీ నా వైపు తిరిగింది. "తీసిన్నని చెప్తే పని ఇస్తరంట, బల్లకు రానిస్తరంట. మేనేజర్ సార్ గూడ మాఫ్ చేస్త అన్నడు. గని నేను తియ్యలె. చెయ్యనిది చేసిన్నని దేవుని ముందట చెప్తే అది పాపం కాదా? నువ్వే చెప్పు అన్నా. వాక్యం తెలిసినోడివి."

వాక్యం తెలిసినవాణ్ణి. అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞను పిల్లల చేత కంఠతా పట్టించినవాణ్ణి. పాపమే అని ఒక్క మాట అనొచ్చు. "మొండితనం మంచిది కాదు, కూర్చో" అన్నాను.

ఆమె కూర్చోలేదు. బయటికి నడిచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఆమెను బల్లకు దూరంగా ఉంచాలని పెద్దలం తీర్మానించాం. మొదటి సంతకం నాది.

ఆసుపత్రి ఆమెను మళ్లీ పిలవలేదు. కోతలకూ, ఇప్పపువ్వు ఏరడానికీ పోతోందని విన్నాను. వాళ్ల ఊళ్లో ప్రార్థన కూడికకు వెళ్తే పక్కన కూర్చున్న ఆడవాళ్లు సంచులు దగ్గరికి లాక్కుంటారట. సంతలో రెండుసార్లు నాకు ఎదురుపడింది. "వందనాలన్నా" అంది, రెండుసార్లూ. నేను చింతపండు బేరమాడుతున్నట్టు తల తిప్పుకున్నాను.

చేయని తప్పు ఒప్పుకోనందుకు ఆమె ఆరేళ్లుగా బయట ఉంది. చేసిన తప్పు ఒప్పుకోని నేను ముందు వరుసలో ఉన్నాను. క్షమాపణ ఉందా లేదా అని మిమ్మల్ని అడగను. అడిగే హక్కు ఇంకా నాకు రాలేదు. ఆమెను నిలబెట్టిన చోటే నిలబడి ఇది చదవాలి. ధైర్యం చాలుతుందా? ఇదివరకు రెండుసార్లు సంఘ కాపరిగారి గుమ్మం దాకా వెళ్లి, వాన వస్తుందేమో అన్న మాట మాట్లాడి తిరిగొచ్చాను. అందుకే ముందు మీకు రాసేస్తున్నాను.

సారమ్మ డాప్లర్ తీయలేదు. దాన్ని దుప్పట్లలో పెట్టింది నేను.

ఇంతేనా ఆ మాటలు? రాశాక పైకి చదువుకున్నాను. ఇంకోసారి చదివాను, కాస్త గట్టిగా. వంటింట్లోంచి నా భార్య, "ఎవలతోని మాట్లాడుతున్నవ్?" అని కేకేసింది.

"పొయ్యి ఆర్పి ఇటు రా" అన్నాను. "కూసో. ఒకటి చదువుత."