దొరగారి ఉత్తరానికి అంటిన కుంకుమ

పరాయి దేశంలో, ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పాత కాగితాలు చూసుకునే పని నాది. ఆ మధ్య ప్రదర్శన కోసమని ఇంగ్లండ్ నుంచి కొన్ని ఉత్తరాలు అరువు తెచ్చారు. విక్టోరియా రాణి కాలంలో మంత్రిగా వెలిగిన ఒక దొర పండితులకు రాసినవి. రాజ్యం ఏలే పెద్దమనిషి, పాత గ్రీకు పద్యంలో ఒక మాట అర్థం కాలేదంటూ పంతుళ్లను బతిమాలుకుంటాడు. మన నెత్తినెక్కి పెత్తనం చేసినవాళ్లలో ఒకడేగా అని మొదట ఎడమొహంగానే చదివాను. పోనుపోను మెత్తబడ్డాను. చదువు ముందు అంతగా వంగే మనిషిని తిట్టుకోవడం నాకు చేతకాదు.

ఆ శుక్రవారం గుడికి వెళ్లి నేరుగా పనికి వచ్చాను. కవరు మారుస్తుంటే ఒక ఉత్తరం జారి కింద పడింది. వంగేలోపే నా బూటు దాని అంచుకు తగిలింది. చిన్నప్పుడు పుస్తకానికి కాలు తగిలితే ఏం చేసేదాన్నో అదే చేశాను. తీసి కళ్లకద్దుకున్నాను. దించి చూస్తే దొర సంతకం పక్కన నా నుదుటి కుంకుమ.

చుట్టూ చూశాను, ఎవరూ లేరు. మా ఆయన ఉద్యోగం అప్పటికే పోయింది. బుకిట్ బటోక్ పేటలో అద్దె ఫ్లాటు, అమ్మాయి బడి, మేం ముగ్గురం ఈ దేశంలో ఉండగలగడం, అన్నీ నా వర్క్ పాస్ మీదే. కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో ఆ నెలలోనే తేలాలి. ఉత్తరాన్ని పెట్టెలో పెట్టేసి, బయటికొచ్చి మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఎవరూ చూడలేదుగా. రిన్యువల్ అయ్యేదాకా నోరెత్తకు," అన్నాడు.

నోరెత్తకూడదనే అనుకున్నాను. కానీ శని, ఆదివారాలు అన్నం సయించలేదు. ఫోను మోగితే చాలు, లైబ్రరీ నుంచేమోనని పరిగెత్తేదాన్ని. ఈ ఊరి చెమ్మకు ఆ ఎరుపు కాగితంలోకి ఇంకిపోతుంటుందన్న ఆలోచన ఒకటి పట్టుకుని పీడించింది. చెప్తే నా పని పోవచ్చు. చెప్పకపోతే ఆ ఉత్తరం పాడైపోవడం ఖాయం.

సోమవారం మా పై అధికారికి చెప్పేశాను. ఆమె చీనా ఆవిడ, పెద్దగా మాట్లాడదు. మెత్తని కుంచెతో పొడి దులిపింది. లేత మరక మాత్రం మిగిలిపోయింది. మొహానికెందుకు ఆనించావని అడిగింది.

"కాగితమంటే మాకు చదువులతల్లి. కాలు తగిలితే క్షమించమని అడుగుతాం," అన్నాను.

ఆవిడ ఆ మరకకు ఫోటో తీసింది. జరిగింది జరిగినట్టు ఇంగ్లండ్‌కు రాస్తానంది. ఇకమీదట మొహానికి ఏ పొడీ పెట్టుకుని రావద్దంది, ఇంకోసారి ఇలా జరిగితే తను కాపాడలేనని కూడా చెప్పింది. నెలాఖరుకు కాంట్రాక్టు పొడిగించారు. మా ఆయన స్వీట్లు తెచ్చాడు. నాకు మాత్రం భయం తగ్గలేదు. స్టిక్కరు బొట్టుకు మారిపోయాను, అయినా కాగితం ముట్టుకునే ముందు ప్రతిసారీ అద్దంలో నుదురు చూసుకునేదాన్ని.

మొన్న సాయంత్రం ఇంట్లో అమ్మాయి సైన్సు పుస్తకానికి నా కాలు తగిలింది. తీశాను. చేతులు గుండెదాకా లేచి ఆగిపోయాయి. ఎవరైనా చూస్తున్నారేమోనని నా ఇంట్లో నేనే చుట్టూ చూసుకున్నాను. ఆ భయం లైబ్రరీలోనే ఉండిపోతుందనుకున్నాను, నాతోపాటు ఇంటికీ వచ్చేసింది.

అమ్మాయి నా చేతిలోంచి పుస్తకం తీసుకుని తనే కళ్లకద్దుకుంది.

"అమ్మా, యూ ఫర్గాట్ లా," అంది ఇక్కడి పిల్లల యాసలో.

నేను ఆగింది మర్చిపోయి కాదు.