బోధన్ దారిలో కారుకు పట్టే రెండు రకాల నల్లచుక్కలు

చెరకు బళ్లు నడిచే రోజుల్లో కార్లేసుకుని బోధన్ మీదుగా కందకుర్తి సంగమానికి స్నానాలకు పోయేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. తిరిగొచ్చేటప్పుడు నిజామాబాద్‌లో మా షెడ్డు ముందు ఆపుతారు. తలుపు నిండా నల్లచుక్కలు. "జల్దీ రుద్ది ఇయ్యి" అంటారు. అప్పటికే దారిలో ఎవరిచేతనో రుద్దించి ఉంటారు, రంగంతా గీరుకుపోయి ఉంటుంది. బస్సు ఎన్నింటికి, సత్రం ఎక్కడ అని రాసేవాళ్లకు కొదవలేదు. ఈ దారి కారు రంగును ఏం చేస్తుందో మాత్రం ఒక్కరూ రాయరు, ఎందుకంటే రాసేవాళ్లు కారు కడగరు. నేను కడుగుతాను. బడికి పోయింది రెండేళ్లే, అక్షరాలు దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్నాను. కాబట్టి నునుపు చేయకుండా చెప్తాను. ఆరేళ్ల కిందట ఈ దారిన నేను చేసిన ఒక్కపూట ప్రయాణం ఇది.

అప్పుడు మా షెడ్డులో రంగుపని ఉస్తాద్‌ది. ముప్పై ఏళ్లుగా కార్లకు రంగేసిన మనిషి. పూతకూ పూతకూ మధ్య తడిపిన గరుకు నీళ్లకాగితంతో రుద్ది, అరచేతి వెనక భాగంతో తడిమి చూసేవాడు. అరచెయ్యి పనిచేసి మొద్దుబారుతుంది, దాని వెనక తోలు మాత్రం అబద్ధం చెప్పదు అనేవాడు. ఆ ఏడు ఆయన చేతులు వణకడం మొదలైంది. షెడ్డు సేఠ్ మా అందరి ముందే అన్నాడు: "ఉస్తాద్, నీ చెయ్యి పోయింది. బోధన్ పటేల్ కారు ఆఖరు. అండ్ల ఒక్క వంక దొరికినా ఇంట్ల కూసో." నా రక్తం ఉడికిపోయింది. ఉస్తాద్ నెలరోజులు కూర్చుని ఆ కారుకు ముదురునీలం వేశాడు. వణుకు ఆగేదాకా ఊపిరి బిగబట్టి, ఆగాక వేసేవాడు, నేను చూశాను. ఆ రంగులో మీ ముఖం చూసుకుని మీసం దిద్దుకోవచ్చు.

కారు అప్పజెప్పే రోజు ఉస్తాద్‌కు జ్వరం. పటేల్ డ్రైవర్ రాజన్నతో నన్ను పంపించాడు. చేతిలో ఒక సీసా పెట్టాడు, సగం కిరసనాయిలు, సగం పల్లీనూనె. ఉతికి ఉతికి మెత్తబడ్డ ధోవతి గుడ్డలు ఇచ్చాడు. "దారిల తారు చుక్క పడితే రుద్దకు బేటా. గుడ్డ తడిపి దాని మీద పెట్టు, నానాలె. మొదలు నీళ్లు పోసి ఇసుక కారగొట్టు. తుడిస్తే సీదా తుడువు, గోల్ తిప్పకు." ఎన్నోసారో విన్న మాట. సరే సరే అని బండెక్కాను.

నిజామాబాద్ నుంచి బోధన్ పదహారు, పదిహేడు మైళ్లు. బస్సయితే గంట పైనే, చార్జీ రూపాయి లోపు. రైలూ ఉంది కానీ జానకంపేటలో అది ఎప్పుడు కదులుతుందో దానికే తెలియదు. మేము ఎనిమిదింటికి బయల్దేరాం. జానకంపేటలో చాయ్ తాగాం. పొద్దుటెండలో ఇరువైపులా పసుపు తవ్విన చేలు, కాలవ పక్కన చెరకు, గాలిలో ఉడుకుతున్న తీపి వాసన. ఇప్పుడు బస్సులో పోతున్నా ఆ వాసన తగలగానే రాజన్న బీడీ, కారు లోపలి కొత్త రంగు వాసన కలిసి గుర్తొస్తాయి. చెరకు బళ్లు వరసగా ఎదురవుతుంటే రాజన్న హారన్ కొట్టడం మానేశాడు. "ఎడ్లకు హారన్ ఇనవడ్తదా తమ్మీ? బండాయన పండుకున్నడు, ఎడ్లే తోలుకపోతున్నయ్" అని నవ్వాడు.

ఎడపల్లికి ముందు రోడ్డు పని జరుగుతోంది. పీపాల కింద మంట, సన్నకంకర కుప్పలు, పొగ. గంప దించి ఒక కూలీ అక్క మా కారుకు అడ్డం నిలబడింది.

"గంటసేపు ఆగుండ్రి. తారు పచ్చిగున్నది."

"పన్నెండింటికి కారుపూజ ఉన్నదక్కా. గంట ఆగితే పటేల్ ఊకుంటడా?" అన్నాడు రాజన్న.

"కొత్త కారేసుకొని పచ్చి తారుల దిగుతరా? మా కాళ్లు సూడు." మోకాళ్ల దాకా గోనెసంచులు చుట్టుకుని ఉంది, వాటి మీద తారు అట్టలు కట్టింది. "ఇంటికి పోయి గ్యాసునూనెతోని గంట కడుగుతం. ఆ నూనెకు ఎవ్వడు పైసలియ్యడు."

ఆ మాటకు, కిరసనాయిలు డబ్బులు కూడా ఇవ్వని కాంట్రాక్టరు మీద కోపం వచ్చింది నాకు. అదే కోపంలో ఆమె మంచిమాటను కూడా పక్కకు నెట్టాను. "నడువన్నా, చుక్కలు వడితే నేను తీస్త" అన్నాను. తప్పు అక్కడే మొదలైంది. చక్రాల కింద కంకర టపటపా ఎగిరింది. అక్క వెనక నుంచి "పొగరు సూడు!" అని అరిచింది.

పదింబావుకు బోధన్ చేరాం. అక్కడి నుంచి పటేల్ ఊరు ఇంకో మూడు మైళ్ల మట్టిబాట. ఆ బాట విచిత్రం అప్పుడు నాకు తెలియదు. చక్కెర తీయగా మిగిలే నల్లటి మడ్డిని నీళ్లలో కలిపి, దుమ్ము లేవకుండా ఆ ఊరివాళ్లు బాట మీద చల్లుకునేవాళ్లు. దుమ్ము నిజంగానే లేవలేదు. బాట నల్లగా, తడిగా, నున్నగా ఉంది. పదకొండు కాకముందే పటేల్ ఇంటి ముందు చింతచెట్టు నీడన కారు ఆపి దిగి చూశాను. చక్రాల మీది రెక్కల నుంచి తలుపుల దాకా నల్లచుక్కలు, వాటిలో గుచ్చుకుని ఇసుక.

ముందు బాగానే చేశాను. నీళ్లు పోశాను, నూనెలో తడిపిన గుడ్డలు పెట్టాను, నానాక సీదాగా లాగాను. చక్రాల దగ్గర చుక్కలు వెన్నలా కరిగి వచ్చాయి. తలుపు కిందివి మాత్రం రాలేదు. ఇంకో గుడ్డ పెట్టాను. రాలేదు. పదకొండున్నర. సేఠ్ ముఖం కళ్లముందు ఆడింది. సేఠ్ మీది కోపం, రోడ్డు మీది కోపం, అన్నీ చేతిలోకి వచ్చాయి. గట్టిగా, గుండ్రంగా తిప్పి రుద్దాను. గుడ్డ కింద కర్రుమంది. తీసి చూస్తే ఎడమ తలుపు మీద బెత్తెడు మేర గుండ్రటి గీతలు. నెలరోజుల పని మీద నా రెండు నిమిషాల కోపం.

పూజకు వంట చేయడానికి వచ్చిన గంగవ్వ పొయ్యి దగ్గర నుంచి అంతా చూస్తోంది. "కోపంతోని రుద్దితే ఏం పోతది బిడ్డా?"

"నీకేం తెలుసవ్వా, ఇది తారు!"

"తారా? అయితే గా చీమలు ఎందుకు ఎక్కుతున్నయ్? తారు నాకుతయా అవి?"

చూశాను. చింతచెట్టు మొదలు నుంచి సన్నని ఎర్రచీమల బారు టైరెక్కి తలుపు కిందికి పోతోంది. నేనింకా నూనె పెట్టని చుక్కల్లో కొన్నింటి చుట్టూ ముసిరాయి, కొన్నింటిని తాకకుండా దాటిపోయాయి. చీమలున్న చుక్క గోటితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. తీపి, వెనక చేదు. మడ్డి. దానికి నూనె పోస్తే ఎందుకు కరుగుతుంది? వేడినీళ్లు కావాలి.

"అవ్వా, నీ ఎసరు ఇయ్యవా?"

"మంచిగనే ఉన్నది! పప్పు ఉడకకపోతే పటేల్ నన్ను తిడ్తడు, నిన్ను గాదు." అంటూనే గిన్నె దించింది. "మరిగింది పోయకు, చెయ్యి పెట్టి సూడు. చంటిపిల్లకు పోసినట్టు పొయ్యి." గోరువెచ్చ చేసి పోశాను. చుక్కలు గోధుమరంగు కన్నీళ్లలా జారిపోయాయి. రుద్దాల్సిన పనే లేదు. చీమలు తాకని నాలుగైదింటిని నూనెగుడ్డ పెట్టి తీశాను. కారు మళ్లీ మెరిసింది, ఆ బెత్తెడు తప్ప.

పన్నెండింటికి పటేల్ వచ్చాడు. తెల్లటి ధోవతి, తక్కువ మాటలు. కారు చుట్టూ తిరిగి, ఎడమ తలుపు దగ్గర ఆగాడు. రాజన్న నన్ను కాపాడబోయాడు. "దారిల ముళ్లకంప తగిలింది పటేలా."

"ముళ్లకంపకు గుండ్రంగ గీత వడ్తదా? రంగేసినాయన చెయ్యి వణుకుతున్నదని ఇన్న. గదే అయ్యుంటది."

నోరు మూసుకుంటే నా పని నిలబడేది. "ఉస్తాద్ చెయ్యి గాదు, నా చెయ్యి!" అని అరిచాను. పూజకు వచ్చినవాళ్లంతా తిరిగి చూశారు. "మడ్డిని తారనుకొని నేనే గీకిన. తిట్టేదుంటే నన్ను తిట్టు. ఆ పక్క తలుపు సూడు, గది ఉస్తాద్ పని."

పటేల్ ఆ పక్కకు పోయాడు. చెయ్యి తిప్పి, అరచేతి వెనక భాగంతో తడిమాడు. లోపలికి పోయి ఒక చిట్టీ రాసి తెచ్చాడు. బడులు ఉర్దూలో నడిచిన నిజాం కాలపు మనిషి, ఉర్దూలోనే రాశాడు. "మీ సేఠ్‌కు ఇయ్యి" అన్నాడు, అంతే. గంగవ్వ జొన్నరొట్టె, పప్పు పెట్టింది. పప్పు సరిగ్గా ఉడకలేదు. "గది నీ వంతు" అంది.

తిరుగు బస్సులో పదహారు మైళ్లూ ఆ చిట్టీ పట్టుకుని కూర్చున్నాను. నాకు ఉర్దూ రాదు. సేఠ్ దగ్గరికి పోకుండా ముందు ఉస్తాద్ ఇంటికి పోయాను. ఆయన మంచం మీద లేచి కూర్చుని, చిట్టీని దూరంగా పట్టుకుని చదివి చెప్పాడు. "రంగు మంచిగున్నది. అసొంటి చెయ్యి జిల్లాల ఇంకోటి లేదు. ఎడమ తలుపు మీది గీత కడిగిన పోరనిది, తానే ఒప్పుకున్నడు. నా లారీలు గూడ ఉస్తాద్‌కే పంపుత."

చిట్టీ మడిచి నా వైపు చూశాడు. "గోల్ రుద్దినవా, సీదా?"

"గోల్, ఉస్తాద్."

"థూ" అన్నాడు. తర్వాత చాలాసేపు నవ్వాడు, దగ్గు వచ్చేదాకా.

లారీల కోసం సేఠ్ ఆయన్ను ఉంచాడు. నన్ను ఆరునెలలు కార్ల కింద బురద గీకడానికి పెట్టాడు. ఆ ఆరునెలల సాయంత్రాలు ఉస్తాద్ నాకు ఉర్దూ అక్షరాలు నేర్పాడు, ఇంకోసారి నా తప్పు నేనే చదువుకునేలా. ఇంకో రెండేళ్లు రంగేశాడు. ఇప్పుడు లేడు. సేఠ్ చదివి పారేసిన ఆ చిట్టీ నా దగ్గరే ఉంది. పోయిన నెల బోధన్ బజారులో ఆ కారు కనబడింది. నీలం వెలిసింది, రెక్క సొట్టపడింది. ఎడమ తలుపు మీద నా గుండ్రటి గీతలు అలాగే ఉన్నాయి. పటేల్ వాటి మీద మళ్లీ రంగు వేయించలేదు. కారు తోలుకొచ్చినాయన వచ్చి "ఏందన్నా?" అని అడిగేదాకా, చెయ్యి తిప్పి, వెనక తోలుతో తడుముతూ నిలబడ్డాను.

ఆ దారిన పోయేవాళ్లకు చెప్పేది ఒక్కటే: ఊరు చేరగానే గుడ్డ అందుకోకండి. నీళ్లు పోసి ఇసుక కారనిచ్చి, కారును చెట్టునీడన ఆపి పావుగంట ఊరుకోండి. చీమలు చేరిన చుక్కకు గోరువెచ్చని నీళ్లు, చేరని చుక్కకు నూనెగుడ్డ. కోపంగా ఉంటే ఇంకో పావుగంట ఆగండి.