దాసు పెళ్లి ఫోటోలో నయాగరా

చోడవరం నుంచి రావికమతం పోయే షేరాటోల్లో దాసు ఆటో ఎక్కితే ఛార్జీ అందరిదీ ఒకటే గాని కబుర్లు మాత్రం రెండింతలు. అందులోనూ అన్నీ కెనడా కబుర్లు. "సలికాలం సెరువు గడ్డకట్టీసి రోడ్డయిపోద్దంట పిన్నీ, దాని మీద మనుసులు నడిసెల్లిపోతారంట!" అని హేండిల్ వదిలేసి మరీ చేతులు తిప్పి చెబుతాడు. "ముందు ఈ రోడ్డు సూసి నడుపు బాబూ" అని వెనక సీట్లో ఆవిడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటుంది. దాసుకి వినబడితే కదా! కొన్ని నెలలుగా మనిషి ఇక్కడ, మనసు అక్కడ.

అక్కడ ఉన్నది అతని భార్య ఝాన్సీ. వరసకు మేనమామ కూతురు, నర్సింగ్ చదివిన పిల్ల. పెళ్లయిన ఏడాదికి కెనడాలో ముసలివాళ్లను చూసుకునే హోములో ఉద్యోగం దొరికి వెళ్లింది. కష్టపడి అక్కడే స్థిరంగా ఉండిపోయే కార్డు సంపాదించింది. కార్డు చేతికొచ్చిన పూటే ఫోన్ చేసి, "బావా, నిన్ను నాను స్పాన్సర్ సేస్తన్నాను" అంది. స్పాన్సర్ అంటే వాలీబాల్ పోటీలకు కప్పు కొనిచ్చే పెద్దమనిషని మాత్రమే దాసుకు తెలుసు. పెళ్లాం మొగుణ్ణి కూడా స్పాన్సర్ చేస్తుందని తెలిసి పొంగిపోయాడు.

ఊరు ఊరుకుంటుందా? "మొగుడు పెళ్లాన్ని కాపరానికి తీసికెల్లడం సూసేం గాని, ఇదేటిరా దాసూ?" అన్నారు ఆటో స్టాండులో. దాసు సిగ్గుపడే రకం కాదు. "అవును, నన్నే కాపరానికి తీసికెల్తంది. మా అత్త సారె కూడా ఎడతానంది. మీకేటి కష్టం?" అన్నాడు. కొత్తకోడలికి కూడా అంత హుషారుండదు.

అయితే ఈ కాపురానికి ఖర్చు గట్టిదే. దరఖాస్తుకి ఫీజు, వేలిముద్రలకి ఫీజు, విశాఖపట్నంలో డాక్టరు పరీక్షకి ఫీజు, పోలీసు సర్టిఫికెట్టుకి, తెలుగు కాగితాలు ఇంగ్లీషు చేయించడానికి ఇంకో ఫీజు. సగం ఝాన్సీ ఎగస్ట్రా డ్యూటీలు చేసి కట్టింది. మిగతా సగానికి దాసు తన ఆటోని సాటి డ్రైవరు బంగార్రాజుకి అమ్మేశాడు. అమ్మిన సాయంత్రమే, "మరి రేపట్నుంచి నానేటి నడపాలి?" అనుకుని, దాన్నే రోజువారీ అద్దెకు తీసుకున్నాడు. తన ఆటోకి తనే అద్దె కట్టే మనిషిని చోడవరం అప్పుడే చూసింది. ఝాన్సీ ఫోన్లో ఏడ్చింది. "ఊరుకోయే, అక్కడికొచ్చేక రెండు కొందాం" అన్నాడు. పైకి అలా అన్నాడు గాని, దరఖాస్తు తిరగ్గొడితే కట్టిన డబ్బులో చాలా వరకు వెనక్కి రాదనీ, మళ్లీ అమ్మడానికి ఇంకో ఆటో లేదనీ అతనికి బాగా తెలుసు.

కాగితాలతో పాటు పెళ్లి ఫోటోలు కూడా పంపాలన్నారు. ఇద్దరిదీ నిజమైన పెళ్లేనా, వీసా కోసం కట్టిన ఉత్తుత్తి తాళా అని వాళ్లు చూసుకుంటారట. దాసు నేరుగా ఫోటోగ్రాఫర్ సుబ్బు స్టూడియోకి వెళ్లి ఆల్బమ్ ముందేసుకున్నాడు. సుబ్బు సామాన్యుడు కాదు. అతని ఆల్బమ్‌లో పెళ్లికొడుకూ పెళ్లికూతురూ తామరపువ్వులో కూర్చుంటారు, మంచు కొండల మీద నిలబడతారు, మబ్బుల్లోంచి తొంగిచూస్తారు. అన్నిటికన్నా పెద్ద పేజీలో ఇద్దరి వెనకా నయాగరా జలపాతం ధబధబా పడుతుంటుంది. దాసు దాన్నే ఏరాడు. "కెనడావోల్లకి కెనడా సూపిత్తే ముచ్చటపడరా ఏటి?" అన్నాడు. "నువ్వు బుర్రున్నోడివిరా" అన్నాడు సుబ్బు. ఝాన్సీకి కూడా అనుమానం రాలేదు. మన వైపు పెళ్లి ఆల్బమ్‌లో నయాగరా లేకపోతే కదా అనుమానించాలి!

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. ఒకరోజు పొద్దున్న దాసు స్టాండులో జనాన్ని సర్ది కూర్చోబెడుతుంటే ఝాన్సీ ఫోన్ వచ్చింది.

"బావా, ఆఫీసోల్లు మెయిలెట్టేరు. మీ ఆయన ఎప్పుడూ ఇండియా దాటలేదని రాసేరు, మరి ఫోటోలో నయాగరా దగ్గర ఎలగున్నాడని అడుగుతన్నారు. రాసిందైనా అబద్ధం, ఫోటో అయినా అబద్ధం, ఏది నిజమో సెప్పమన్నారు. అసలు ఫోటోలు నెలలోగా పంపకపోతే అంతేనంట."

ఆటోలో ఎక్కినవాళ్లను దింపేసి దాసు స్టూడియోకి పరిగెత్తాడు. సంగతి తెలిసి అత్త అచ్చియ్యమ్మ కూడా గోవాడ పక్క పల్లె నుంచి ఆయాసపడుతూ వచ్చింది.

"ఒరే సుబ్బూ, ఆ నయాగరా తీసీసి దాని ఎనకాల ఏటుందో అది ఇచ్చీరా!"

సుబ్బు తల గోక్కున్నాడు. "అది తీస్తే ఏటుంటాదిరా? గోవాడ సెరుకు ట్రాక్టర్లు. పెళ్లి ఫోటోలో సెరుకు బళ్లేటని నానే సెరిపీసేను. పందిట్లో తీసినయ్యి కూడా మబ్బులూ కొండలూ ఎట్టీసేను. ఒరిజినల్స్ అన్నీ ఎప్పుడో డిలీట్ సేసీసేను."

దాసు అక్కడే బల్ల మీద కూలబడ్డాడు. ఆటో పోయింది, డబ్బు పోయింది, ఇప్పుడు పెళ్లే అబద్ధమైపోతోంది. వెక్కి వెక్కి ఏడ్చాడు.

నిజానికి ఆ పెళ్లిరోజు మర్చిపోయేది కాదు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ జోరుగా సాగుతున్న రోజులు. అత్తారింట్లో తాళికట్టి చోడవరం తిరిగొస్తుంటే, పెళ్లికారు గోవాడ దగ్గర ఫ్యాక్టరీకి చెరుకు తోలుకెళ్లే ట్రాక్టర్ల వరసలో ఇరుక్కుంది. ముందుకీ వెనక్కీ దారి లేదు. కొత్త దంపతులు రోడ్డు మీద నిలబడితే సుబ్బు అక్కడే ఫోటోలు తీశాడు.

అచ్చియ్యమ్మ అల్లుడి వీపు మీద ఒక్కటేసింది. "లెగరా! ఈడి కెమెరా ఒక్కటేనేటి ఆ రోజున్నది? ట్రాక్టరోల్లందరూ ఫోన్లట్టుకుని నా కూతుర్ని ఫోటోలు తీసేరు. నానే తిట్టేను గదా, దిష్టి తగిలిపోద్దని! ఆల్లని అడుగు!"

దాసు చటుక్కున లేచాడు. అవును, తీశారు! ఆటో డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నయ్యలారా, నా పెళ్లికారు గోవాడ లైన్లో ఆగిపోయిన్రోజు ఎవులైనా ఫోటో తీసుంటే పంపండి. నా కాపరం నిలబెట్టండి."

ఆ మాట స్టాండు నుంచి స్టాండుకి, ఆటోల నుంచి ట్రాక్టర్లకి పాకింది. రోలుగుంట నుంచి ఒకటి వచ్చింది. రావికమతం నుంచి రెండు. మధ్యాహ్నానికి దాసు ఫోన్ టింగు టింగుమంటూ ఊపిరి తీసుకోలేదు. స్టూడియో నిండా జనం. "ఇదిగో ఇంకోటి! ఇదిగో ఇంకోటి!" అని కేకలు. తను తిట్టిన ప్రతివాణ్ణీ అచ్చియ్యమ్మ ఇప్పుడు నూరేళ్లు బతకమని దీవించింది.

అన్నిటికన్నా గొప్పది పైడితల్లి అనే ట్రాక్టరు డ్రైవరు పంపిన వీడియో. తలలో జీలకర్ర బెల్లం ఇంకా ఆరని పెళ్లికూతురు ట్రాక్టరు మెట్టు మీద కూర్చుని, పట్టుచీర కొంగు నడుముకు దోపి, చెరుకుగెడ పళ్లతో చీల్చుతోంది. మొదటి ముక్క విరిచి దాసు నోట్లో పెట్టింది. ఆమె గడ్డం మీద కారుతున్న రసాన్ని దాసు కొత్త ఉత్తరీయంతో తుడిచాడు. చుట్టూ ట్రాక్టర్లవాళ్లు ఈలలేస్తుంటే ఇద్దరూ సిగ్గుతో తలలు దించుకుని పకపకా నవ్వారు.

దాసు ఆ వీడియో చూస్తూ ఉండిపోయాడు. ఇంత బాగున్నదాన్ని చెరిపేసి, ఎవరివో నీళ్లు తెచ్చి పెట్టుకున్నామా అని మొట్టమొదటిసారి బాధపడ్డాడు.

అన్నీ ఝాన్సీకి పంపారు. నయాగరాను తానే అతికించానని సుబ్బు ఒక ఉత్తరం రాసిచ్చాడు. తప్పు ఒప్పుకునే ఉత్తరంలో కూడా కింద స్టూడియో ఫోన్ నంబరు వేయడం మాత్రం మానలేదు. ఏమో, కెనడా నుంచి బేరం రావచ్చు!

రెండు నెలలు గడిచాయి. ఒక పొద్దున్న రావికమతం దారిలో ఫోన్ మోగింది. "బావా, వచ్చీసింది! వీసా వచ్చీసింది! ఆ వీడియో నాను పదిసార్లు సూసేను బావా!" అని ఝాన్సీ అటు నవ్వుతూ ఏడుస్తోంది. దాసు ఆటో చెరుకు తోట పక్కన ఆపేసి, దిగి, రోడ్డు మీదే గంతులేశాడు. ఎక్కినవాళ్లు కూడా దిగి చప్పట్లు కొట్టారు. ఆ పూట ఎవరి దగ్గరా ఛార్జీ తీసుకోలేదు. ఆటో తాళం తిరిగిచ్చిన రోజు బంగార్రాజు అతన్ని కావలించుకుని, "బండి మీద నీ పేరుంచుతాను, అద్దం మీద 'దాసు' అన్నది సెరపను" అన్నాడు. అత్త మాట తప్పలేదు. బెల్లం దిమ్మ, అరిసెలు, చలికి రెండు దుప్పట్లు, సారె నిండుగా కట్టి అల్లుణ్ణి కాపురానికి పంపింది.

వేసవి రాగానే ఝాన్సీ సెలవు పెట్టి మొగుణ్ణి నయాగరా తీసుకెళ్లింది. రెయిన్‌కోట్లు వేసుకుని, నీటి తుంపరల్లో తడిసి ముద్దయి, ఇద్దరూ ఫోటో దిగారు. దాసు అక్కణ్నుంచే దాన్ని సుబ్బుకి పంపాడు. పంపగానే సుబ్బు ఫోన్ చేశాడు.

"ఒరే, అసలు నయాగరాయే! ఇంక నానేటి సెయ్యాలిరా దీనికి?"

దాసు ఆ నీళ్ల హోరులో గొంతు పెంచి అరిచాడు. "ఎనకాల ఈ నీల్లు తీసీసి మన గోవాడ ట్రాక్టర్లు ఎట్టరా!"

సుబ్బు మర్నాడు పొద్దున్నే కెమెరా పట్టుకుని గోవాడ రోడ్డెక్కాడు.